పూర్వనేరము, ప్రస్తుత విచారణ: రాష్ట్రేతరాంధ్రుల చరిత్రలో ఒక న్యాయసూత్రము

విషయ ప్రస్తావన

న్యాయస్థానమున ముద్దాయి నిలుచున్నప్పుడు న్యాయాధిపతి తేల్చవలసిన ప్రశ్న యొక్కటియే: ఇతడు ఈ నేరమును చేసెనా, లేదా? కాని యీ ప్రశ్న వెనుక మఱియొక ప్రశ్న యెల్లప్పుడును పొంచియుండును: ఇతడెట్టివాడు? మొదటి ప్రశ్నకు సాక్ష్యము కావలెను. రెండవ ప్రశ్నకు వదంతి చాలును. మొదటిదానికి సమాధానము దొరకని చోట రెండవదాని సమాధానమును తెచ్చి అతికించుట లోకస్వభావము. “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అను సామెత మన తెలుగువారి నోట ఎంత సులభముగా వచ్చునో అందఱును ఎఱుగుదురు.

ఈ సామెత ఊరి రచ్చబండపై చెల్లును గాని న్యాయపీఠముపై చెల్లరాదని నాగరిక న్యాయశాస్త్రము నిర్ణయించినది. ముద్దాయి పూర్వము చేసిన నేరములను చూపి, ఇప్పటి నేరమును కూడ ఇతడే చేసెననియు, ఇతని మాట నమ్మదగినది కాదనియు వాదించుటకు న్యాయశాస్త్రము హద్దులు ఏర్పఱచినది. ఈ హద్దులెట్లు ఏర్పడినవి, ఎచ్చట తెగినవి, మాతృదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగు మాటలాడు జనుల బ్రదుకులపై వాని ప్రభావమెట్టిది అను విషయములను పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. పరదేశమున నివసించువానికి ఈ సూత్రము మఱింత ముఖ్యము. ఏలయన, అతడు నోరు విప్పక పూర్వమే అతని పేరును, కులమును, భాషయు అతనిని గూర్చి మాటలాడుట ప్రారంభించును.

ధర్మశాస్త్రముల దృష్టి

ఈ సమస్య ఆంగ్లేయులతో మన దేశమునకు వచ్చినది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, దొంగను పట్టుకొనుటకు గల ఆధారములు చెప్పబడినవి. దొంగిలిన సొత్తు దొరకుట, అడుగుజాడలు కనబడుట, పూర్వము నేరము చేసినవాడగుట, నివాసము తేటపడకుండుట అనునవి అందు పేర్కొనబడినవి. మొదటి రెండును నేరమునకు సంబంధించినవి. తరువాతి రెండును మనుష్యునకు సంబంధించినవి. కులమును పేరును దాచువారిని, జూదరులను, మద్యపానరతులను, ప్రశ్నించునప్పుడు నోరెండి కంఠస్వరము మారువారిని కూడ అనుమానముపై పట్టవచ్చునని ఆ స్మృతి చెప్పుచున్నది.

ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్య పశ్చిమ చాళుక్య చక్రవర్తియైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమున వెలసినది. ఆ కల్యాణమే నేడు కర్ణాటకములో బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 13వ శతాబ్దమున తిక్కన శిష్యుడైన కేతన ఆ గ్రంథమును ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేరిట తెనుగు పద్యములుగా రచించెను. కన్నడదేశమున పుట్టిన న్యాయశాస్త్రము నెల్లూరి సీమలో తెలుగైనది.

ఇచ్చట గమనింపదగిన భేదమొకటి కలదు. ఒకనిని అనుమానించుటకు చాలిన ఆధారము వేఱు. దోషి యని నిర్ణయించుటకు చాలిన ఆధారము వేఱు. ఈ రెంటిని కలిపివేసినచో ఏమి జరుగునో నారదస్మృతి మాండవ్యుని నిదర్శనముగా చూపి హెచ్చరించినది. దొంగలు సొత్తును తెచ్చి మాండవ్యమహర్షి ఆశ్రమమున దాచిరి. మౌనవ్రతమున నున్న ఆ ముని రాజభటుల ప్రశ్నలకు బదులు చెప్పలేదు. సొత్తు దొరకినది, ముని పలుకలేదు, కావున శూలమెక్కించిరి. భారతము ఆదిపర్వము చదివిన తెలుగువారికీ కథ సుపరిచితము. దొంగ కానివాడును విచారణ వలననే దొంగ కావచ్చునని నారదుడు గ్రహించెను. మునికే ఈ గతి పట్టగా, పూర్వమొకసారి శిక్ష పొందినవాని గతి యేమని చెప్పవలెను!

ఒకే మంత్రి, రెండు చట్టములు

బ్రిటిషు ఇండియాలో సాక్ష్యచట్టము 1872లో వచ్చినది. దానిని రచించినవాడు గవర్నరు జనరలు సభలో న్యాయశాఖ సభ్యుడైన జేమ్సు ఫిట్జుజేమ్సు స్టీఫెను. ఆ చట్టపు 54వ సెక్షను తొలిరూపములో ముద్దాయి పూర్వశిక్షలు విచారణకు సంబంధించిన విషయములే యని చెప్పబడినది. అనగా, చోరీ కేసులో ముద్దాయి పదేండ్ల క్రిందట చోరీ చేసి శిక్ష పొందెనని ప్రాసిక్యూషను వారు నిస్సంకోచముగా రుజువు చేయవచ్చును. సుమారు ఇరువది సంవత్సరములీ పద్ధతి నడచినది.

1891లో 3వ చట్టముచే ఈ సెక్షను మార్చబడినది. ముద్దాయి దుశ్శీలము సాక్ష్యముగా పనికిరాదనియు, ముద్దాయి తానే తన సచ్ఛీలమును గూర్చి సాక్ష్యమిప్పించినప్పుడు మాత్రము దానికి ప్రత్యుత్తరముగా దుశ్శీలమును చూపవచ్చుననియు నిర్ణయించిరి. పూర్వశిక్ష దుశ్శీలమునకు సాక్ష్యము మాత్రమే. దుశ్శీలమే రాదగని చోట పూర్వశిక్షయు రాదు. దుశ్శీలమే వివాదాంశమైన కేసులు దీనికి మినహాయింపు. ముద్దాయి ఉద్దేశము, జ్ఞానము మున్నగునవి వివాదాంశములై, పూర్వకృత్యము వానిని నేరుగా తెలుపునప్పుడును వేఱు నియమములు వర్తించును.

1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో ఈ భావమునకు చక్కని ఆచరణరూపము కనబడును. శిక్షాస్మృతి 75వ సెక్షను ప్రకారము కొన్ని నేరములకు పూర్వశిక్ష యున్నచో శిక్ష హెచ్చును. కావున ఆరోపణపత్రములో పూర్వశిక్షను వ్రాయవలసియుండెను. కాని 310వ సెక్షను ప్రకారము, ప్రస్తుత నేరమును గూర్చి జ్యూరీ తీర్పు గాని, అసెసర్ల అభిప్రాయము గాని, నేరస్థాపన గాని ముగియువఱకు ఆ భాగమును కోర్టులో చదువరాదు. దానిని గూర్చి ముద్దాయిని అడుగరాదు. మొదట నేరము తేలవలెను. పూర్వచరిత్ర శిక్షాపరిమాణమును నిర్ణయించునప్పుడు మాత్రమే బయటికి రావలెను. 1973 కోడులోను, 2023 నాగరిక సురక్షా సంహితలోను ఈ నియమము నిలిచియున్నది.

కాని ఆ స్టీఫెను న్యాయశాఖ సభ్యుడుగా నున్న కాలముననే, సాక్ష్యచట్టమునకు కొలది మాసములు ముందు, 1871 అక్టోబరులో, నేరస్థజాతుల చట్టము వచ్చినది. బెయిలు దొరకని నేరములను వృత్తిగా చేయుచున్నదని ప్రభుత్వము తలచిన జాతి నంతను ప్రకటనచే నేరస్థజాతిగా నిర్ణయించి, అందలి వారిని పట్టీలో నమోదు చేసి, రాకపోకలను నిరోధించుట ఆ చట్టము ఉద్దేశము. ఆ ప్రకటన తప్పని కోర్టులో వాదించుటకు వీలు లేదు. ఒక చట్టము వ్యక్తి కృత్యమును విచారింపుమనుచున్నది. రెండవ చట్టము వ్యక్తి పుట్టుకనే నేరచరిత్రగా స్వీకరించుచున్నది. మనము పైన చెప్పుకొన్న సామెత ఈ రెండవ చట్టమున శాసనరూపము దాల్చినది.

దక్షిణదేశమున ఎఱుకలవారు

1871 చట్టము మొదట ఉత్తరదేశమునకే పరిమితము. 1911లో వచ్చిన కొత్త చట్టముతో మదరాసు రాజధానికిని వ్యాపించినది. 1924లో 6వ చట్టముగా క్రోడీకరింపబడినది. దీనికి గుఱియైన వారిలో ప్రముఖులు ఎఱుకలవారు. తెలుగునాట ఎఱుకలవారు, తమిళనాట కొఱవరు, కన్నడదేశమున కొరమ కొరచలు, మహారాష్ట్రమున కైకాడీలు అని పిలువబడువారు ఒకే జనసముదాయపు శాఖలని ఆనాటి గ్రంథకర్తలు భావించిరి. మదరాసు పోలీసు శాఖలో పనిచేసిన ఎం. పాపారావు నాయుడుగారు 1905లో ఆంగ్లమున ప్రకటించిన పుస్తకము పేరులోనే కొఱవలు, ఎఱుకలలు, కైకాడీలు అను మూడు పేర్లును కలిసియున్నవి. ఎఱుకలవారి ఇంటి మాట తమిళమునకు దగ్గఱయైనను, తెలుగు మండలములలో వారి ఊరి మాట తెలుగే.

వీరు గాడిదలపైనను ఎద్దులపైనను ఉప్పును, ధాన్యమును ఒక సీమనుండి మఱియొక సీమకు చేరవేసి జీవించిరి. బుట్టలల్లిరి, ఎఱుక చెప్పిరి. ప్రభుత్వపు ఉప్పు విధానమును, రైలుమార్గములును వారి వర్తకమును దెబ్బతీసినవి. జిల్లాలు దాటి తిరుగుట పూర్వము వారి వృత్తిలోని నేర్పు. తరువాత అదియే అనుమానమునకు కారణమైనది. నివాసము తేటపడనివానిని పట్టవచ్చునన్న స్మృతివాక్యము ఇక్కడ మరల వినబడుచున్నది.

ఒక జిల్లాలో శిక్షపడినవాడు వేఱొక జిల్లాలో వేఱొక పేరుతో పట్టుబడినప్పుడు, పూర్వశిక్షను రుజువు చేయుట పోలీసులకు కష్టముగా నుండెను. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము స్థాపింపబడుటకు ఇట్టి యవసరమొక ముఖ్యకారణము. నాటినుండి పూర్వచరిత్ర మనిషి వెంట విడువక నడచినది.

నేరస్థజాతుల చట్టము 23వ సెక్షను మిక్కిలి కఠినమైనది. ప్రకటిత జాతివాడు నిర్దిష్టములైన నేరములలో రెండవసారి శిక్షితుడైనచో, ప్రత్యేక కారణములు లేనియెడల, ఏడు సంవత్సరములకు తక్కువ కాని ఖైదు విధింపవలెను. మూడవసారి యైనచో యావజ్జీవ ద్వీపాంతరవాసము. ఇదే నేరము చేసిన ఇతర కులస్థునికి ఈ నిర్బంధము లేదు. 24వ సెక్షను ప్రకారము అనుమానాస్పద పరిస్థితులలో కనబడుటయే మూడేండ్ల వఱకు ఖైదునకు చాలును. చోరీ జరిగినదని ప్రాసిక్యూషను వారు రుజువు చేయనక్కఱలేదు. కోర్టుకు అట్టి ఉద్దేశము తోచుటయే చాలును.

బాపట్ల సమీపమున స్టూవర్టుపురము, గుంటూరు సీమలో సీతానగరము, నెల్లూరు జిల్లాలో కావలి, కర్నూలు జిల్లాలో సిద్ధాపురము, దక్షిణార్కాటు జిల్లాలో అజీజునగరము మున్నగు చోట్ల వీరికై సెటిల్మెంట్లు వెలసినవి. బొంబాయి రాజధానిలో షోలాపూరు సెటిల్మెంటు పేరొందినది. షోలాపూరు మిల్లులలో పద్మశాలీలు మున్నగు తెలుగువారు వేలకొలదిగా స్థిరపడియుండగా, అదే పట్టణమున కైకాడీలు కంచె వెనుక హాజరు చెప్పుకొనుచుండిరి.

పట్టీలలో నిలిచిన తెలుగు పేర్లు

1936 వఱకు గంజాము, 1953 వఱకు బళ్ళారి మదరాసు రాజధానిలోనివే. రాష్ట్రముల సరిహద్దులు మారినను పట్టీలు మారలేదు. తమిళనాడు ప్రభుత్వపు విముక్త జాతుల పట్టికను చూచినచో తెలుగువానికి ఆశ్చర్యము కలుగును. వాయల్పాడు కొరచలు, దేవగుడి తలారులు, దొంగ బోయలు, దొంగ దాసరులు అను పేర్లు అందు కానవచ్చును. వాయల్పాడు చిత్తూరు సీమలోనిది. దేవగుడి కడప సీమలోనిది. ఊరు విడిచి తరములు గడచినను ఊరి పేరు వెంట వచ్చినది. దానితోపాటు ‘దొంగ’ అను తెలుగు మాటయు వచ్చినది. తెలుగు వ్యవహారముగల తొట్టియ నాయకులును ఆ పట్టికలో నున్నారు. మహారాష్ట్రములోని విముక్త జాతులలో కైకాడీలతోపాటు, తెలుగు యాస మాటలాడు వడ్డెరలు ‘వడార్’ అను పేరిట చేరియున్నారు.

ఇందలి న్యాయసమస్యను గమనింపుడు. 1891 నాటి సవరణ ప్రకారము ముద్దాయి పూర్వనేరమును న్యాయాధిపతికి చెప్పరాదు. కాని ముద్దాయి పేరు, తండ్రి పేరు, కులము అను గడులు నింపునప్పుడే ‘దొంగ దాసరి’ అని వ్రాయబడినచో, దాచవలసినదేమి మిగిలినది? ఒక్క నేరమును చేయనివానికిని కులము పేరే పూర్వశిక్షగా పరిణమించినది. తమిళ, కన్నడ, మరాఠీ న్యాయస్థానములలో ఆ మాటకు అర్థము తెలియని గుమాస్తా యుండవచ్చును గాని, అర్థము తెలిసిన పోలీసువాడు లేకుండునా?

యానాములో వేఱు పద్ధతి

యానాము తెలుగు పట్టణమైనను 1954 వఱకు ఫ్రెంచి పాలనలో నుండెను. 1962లో చట్టరీత్యా భారతదేశమున విలీనమైనది. ఫ్రెంచి విచారణ సంప్రదాయములో ముద్దాయి పూర్వచరిత్రకు తెఱ లేదు. విచారణాధ్యక్షుడే అతని జీవితమును, పూర్వశిక్షలను అడిగి తెలిసికొనును. 1850నుండి ఫ్రాన్సులో ప్రతివాని శిక్షలును ఒక అధికార పత్రములో నమోదగుచుండెను. సాక్ష్యమును తూచుటకు నియమములకంటె న్యాయాధిపతుల ఆంతరంగిక నిశ్చయమే ప్రధానము. ముద్దాయి ప్రమాణము చేసి సాక్ష్యమీయడు గనుక, అతని విశ్వసనీయతను దెబ్బతీయుట యను ప్రశ్నయు ఆంగ్ల పద్ధతిలోవలె పుట్టదు.

ఇట్లు కాకినాడలో నొక న్యాయము, కొలది మైళ్ళ దూరమున యానాములో మఱియొక న్యాయము ఒకే భాష మాటలాడు జనులకు వర్తించినవి. ఫ్రెంచి పద్ధతి మనిషిని సంపూర్ణముగా తెలిసికొని తీర్పు చెప్పుమనును. ఆంగ్ల పద్ధతి మనిషిని గూర్చి తక్కువ తెలిసికొని కృత్యమును గూర్చి నిశ్చయముగా తెలిసికొమ్మనును. మొదటిది నిష్కపటముగా కనబడును. కాని కులము పేరుతోనే మనిషిని తెలిసికొంటిమని భ్రమించు సమాజములో రెండవదే క్షేమకరమని నా అభిప్రాయము. 1963లో వెలువడిన చట్టముల విస్తరణ నిబంధనచే యానాములోను సాక్ష్యచట్టము అమలునకు వచ్చినది.

ముద్దాయి సాక్షిగా నిలుచునప్పుడు

ఇంగ్లండులో 1898 వఱకు సామాన్యముగా ముద్దాయి తన కేసులో ప్రమాణముపై సాక్ష్యమీయ వీలులేకుండెను. ఆ యేట వచ్చిన చట్టము అతనికి ఆ హక్కునిచ్చి, వెంటనే ఒక డాలును కూడ నిచ్చినది. పూర్వనేరములను గూర్చి అతనిని అడుగరాదు. అతడు తన సచ్ఛీలమును చాటుకొనినను, ప్రాసిక్యూషను సాక్షుల శీలమును దూషించినను ఆ డాలు తొలగును. 1935లో మాక్సువెలు కేసులో, పూర్వమొక కేసులో నిర్దోషిగా విడుదలయైన విషయమును గూర్చి ఒక వైద్యుని ప్రశ్నించుట తప్పని ప్రభువుల సభ నిర్ణయించి శిక్షను కొట్టివేసినది. విడుదల అతని శీలమునకు గాని విశ్వసనీయతకు గాని కళంకము కాదు. 2003 నాటి చట్టముచే ఇంగ్లండులో ఈ ద్వారములు మరల విశాలముగా తెఱువబడినవి.

మన దేశమున 1955 సవరణతో ముద్దాయి తన యిష్టముపై సాక్షిగా నిలుచుటకు వీలు కలిగినది. నిలువనిచో దానిని అతనికి వ్యతిరేకముగా వ్యాఖ్యానింపరాదు. కాని సాక్షిగా నిలిచినవాని విశ్వసనీయతను కదలించుటకు అడ్డుప్రశ్నలు వేయవచ్చునని సాక్ష్యచట్టము 146వ సెక్షను చెప్పుచున్నది. ఇచ్చటనే అపాయమున్నది. “నీవు పూర్వము దొంగతనము చేసి జైలులో నుంటివా?” అను ప్రశ్న పైకి విశ్వసనీయతను గూర్చినది, విన్నవాని మనస్సులో మాత్రము అది “కావున ఇప్పుడును నీవే దొంగిలితివి” అని నాటుకొనును. అందుకే 148వ సెక్షను న్యాయాధిపతికి అధికారమిచ్చినది. ఆరోపణ చిరకాలము క్రిందటిదైనను, విశ్వసనీయతపై దాని ప్రభావము స్వల్పమైనను ఆ ప్రశ్న తగదు. అబద్ధపు సాక్ష్యమునకై నిరుడు శిక్ష పొందినవాని మాటను శంకించుట వేఱు. ఇరువదేండ్ల క్రిందట ఆకలిచే గింజలు దొంగిలినవాని మాటను శంకించుట వేఱు. 149వ సెక్షను ప్రకారము, తగిన ఆధారము లేనిదే వకీలు అట్టి ప్రశ్న వేయనేరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను ఈ నియమములు నిలిచియున్నవి. పూర్వపు 54వ సెక్షను అందు 49వది.

ఉపసంహారము

మదరాసు రాష్ట్రము 1947లోనే నేరస్థజాతుల చట్టమును తొలగించినది. చిత్తూరు జిల్లా తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులుగా 1949లో నియమితమైన విచారణసంఘము దేశమంతటను దానిని రద్దు చేయవలెనని సిఫారసు చేసినది. 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయ్యెను. కాని దాని స్థానమున అలవాటు నేరస్థుల చట్టములు వచ్చినవి: మదరాసులో 1948, బొంబాయిలో 1959, కర్ణాటకమున 1961, ఆంధ్రప్రదేశములో 1962. ఇవి జాతిని గాక వ్యక్తిని గుఱించునవి. అయినను సత్ప్రవర్తన జామీను కేసులలో ఒకడు అలవాటు నేరస్థుడని ‘సామాన్యఖ్యాతి’ వలన రుజువు చేయవచ్చునన్న నియమము నేటికిని కలదు. విచారణలో ముందు ద్వారమున నిషేధింపబడిన వదంతి ఈ ప్రక్కద్వారమున ప్రవేశించుచున్నది.

2024 అక్టోబరు 3న సుప్రీముకోర్టు సుకన్యా శాంత కేసులో, జైలు రిజిష్టర్లలోని కులపు గడిని తొలగింపవలెననియు, విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా జైలు నిబంధనలు పరిగణింపరాదనియు తీర్పు చెప్పినది. 1871లో పడిన ముడి నూటయేబది మూడేండ్లకు ఈ మేరకు సడలినది.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది స్పష్టము. పూర్వనేరమును విచారణకు దూరముగా నుంచు నియమము దొంగలపై జాలిచే పుట్టినది కాదు. నేడు నేరము చేసిన అసలు దొంగ తప్పించుకొని పోవుచుండగా, నిన్నటి దొంగను పట్టి తృప్తిపడకుండుటకై అది పుట్టినది. ఆ నియమము నిలిచిన చోట సామాన్యునికి రక్షణ కలిగినది. తొలగిన చోట ఒక జాతి యంతయు కంచె వెనుకకు పోయినది.

రాష్ట్రేతరాంధ్ర సంఘములలో వర్తకులు, ఉద్యోగులు, పండితులు అధికముగా నుందురు. బళ్ళారిలోను, షోలాపూరులోను, బరంపురములోను, మధురలోను తెలుగు మాటలాడు వడ్డెరలు, ఎఱుకలవారు, దాసరులు కూడ మన సోదరులే. వారిలో నొకడు కోర్టుబోనులో నిలుచున్నప్పుడు అతనికి భాష తెలిసిన వకీలును, ఈ నియమము తెలిసిన హితుడును అవసరము. మన సంఘములు కవిసమ్మేళనములతోపాటు ఈ సహాయమును కూడ తమ కార్యక్రమములలో చేర్చుకొనుట యుక్తము. అంతకంటె ముందు, పూర్వపు పట్టీలనుండి మన నోటికెక్కిన ఆ ‘దొంగ’ అను విశేషణమును మన మాటలనుండి మనమే తొలగించుకొనవలెను.